నెమ్మది పట్టీ

మా ల్యాబులో మనిషిని ఒత్తిడికి గురిచేయడానికి ఒక పద్ధతి ఉంది. ఐసుముక్కలు వేసిన నీళ్ళలో మణికట్టు దాకా చెయ్యి ముంచి మూడు నిమిషాలు ఉంచమంటాం. మొదటి నిమిషంలో మొహం చిట్లిస్తారు. రెండో నిమిషంలో కాళ్ళు ఆడిస్తారు. మూడో నిమిషంలో గోడ గడియారాన్ని తిట్టుకుంటారు. ఇంకో ఇరవై నిమిషాలాగి రక్తం తీసి చూస్తే కార్టిసాల్ అనే హార్మోను అమాంతం పెరిగి ఉంటుంది. చెయ్యి బయటికి తీయగానే వెచ్చటి తువ్వాలు, వేడి కాఫీ, రెండు బిస్కెట్లు ఇస్తాం. మూడు నిమిషాలంటే మరీ ఎక్కువేమోనని మా ఎథిక్స్ కమిటీ వాళ్ళు ఒక పూటంతా చర్చించారు కూడా.

ఈ సంగతి మా అక్క రామతులసికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"మూడు నిమిషాలకి తువ్వాలిత్తారా? అలాగైతే మాకు దుప్పట్లియ్యాలే కుమారీ!"

అక్క ఉప్పాడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఐసులో వేసిన రొయ్యల్ని తీసి తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి మళ్ళీ ఐసులో వేయాలి. రోజుకి తొమ్మిది గంటలు, నిలబడి. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. రబ్బరు గ్లౌజులు ఇస్తారు గానీ వాటితో నరం దొరకదని అందరూ వేళ్ళ చివరలు కత్తిరించేసుకుంటారు. అక్క గోళ్ళు ఎప్పుడూ తెల్లగా నానిపోయి ఉంటాయి. అమ్మానాన్నా పోయాక నన్ను బడికి పంపిందీ, కాలేజీకి పంపిందీ, విశాఖపట్నంలో పీహెచ్‌డీ దాకా చదివించిందీ ఆ వేళ్ళే.

అక్క నవ్వినప్పుడు నాకు రావలసింది కోపం. నాకు వచ్చింది ఐడియా. ఈ కథంతా అక్కడే పాడయింది.

అప్పటికి మా దగ్గర పట్టీ తయారయి ఉంది. పేరు 'నెమ్మది'. జబ్బకి అతికించుకునే, రూపాయి బిళ్ళంత పట్టీ. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. ఆపద వస్తే మెదడు వాటికి కబురు పెడుతుంది, అవి కార్టిసాల్ వదులుతాయి. గుండె, రక్తపోటు, నెత్తుట్లో చక్కెర అప్పుడు పడిపోకుండా నిలబడతాయి. పులి వచ్చినప్పుడు అది మంచిదే. పులి ప్రతిరోజూ ఎనిమిదింటికి షిఫ్టుకొచ్చి సాయంత్రం దాకా నెత్తిన కూర్చుంటే అదే హార్మోను మనిషిని గుల్ల చేస్తుంది. నిద్ర పట్టదు, కడుపులో మంట, బీపీ, షుగరు. ఇవన్నీ అక్కకున్నాయి. నెమ్మది పట్టీ మెదడు పెట్టే కబురును ఆపేసి, బతకడానికి ఎంత కావాలో అంత హార్మోనును తానే కొలిచి ఒంట్లోకి పంపుతుంది. ఇక ఐసు బకెట్టులో చెయ్యి పెట్టినా నెత్తుట్లో కార్టిసాల్ గీత పైకి లేవదు. మేమంతా చప్పట్లు కొట్టాం.

"బకెట్టు పరీక్షలెందుకు సార్? మా అక్క వాళ్ళు రోజంతా ఐసులోనే ఉంటారు. అరవై మంది దొరుకుతారు," అని మా డైరెక్టరు వల్లభరావు గారికి చెప్పింది నేనే.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతోషం వస్తే ఆయన చేసే పని అది. షెడ్డు యజమాని అదే రోజు ఒప్పుకున్నాడు. మరుగుదొడ్డికి తలుపు పెట్టించమంటే రెండేళ్ళు తిప్పిన మనిషి, దీనికి మాత్రం ఫోనులోనే సరేనన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

*

షెడ్డు బయట రేకుల పంచలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి నేనే చెప్పాను. మా ఊరి ఆడవాళ్ళు కాబట్టి నా మాట నమ్ముతారని నన్నే పంపారు. ముందు వరసలో అక్క, దాని పక్కన నూకరత్నం. వాళ్ళిద్దరూ పంతొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా నిలబడి ఒలుస్తున్నారు. నూకరత్నం గొంతు విప్పితే ఐసు మిషను శబ్దం వినపడదు. సూపర్‌వైజరు చక్రధరానికి ఆ గొంతన్నా, అక్క నోరన్నా హడలు. టీకి పది నిమిషాలు, బయటికి వెళ్ళడానికి రెండుసార్లు అనే హక్కులు కాగితం మీద లేవు. వీళ్ళిద్దరూ అరిచి సంపాదించినవి అవి.

"ఇందులో ఏటి కలిపారు సెల్లెమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"కొత్త మందేదో ఎక్కించేస్తామని భయపడకండి. మన ఒంట్లో ఉండేదే. మేకలో, గొడ్డులో, పందిలో, అన్నిట్లోనూ ఉంటుంది," అన్నాను తేలిగ్గా, నవ్వుతూ.

చదువుకున్నదాన్ని కదా, అది ధైర్యం చెప్పే మాట అనుకున్నాను.

మొదటి ఆరు నెలలు నేను ఆకాశంలో నడిచాను. అక్కకు నిద్ర పట్టింది. బీపీ దిగింది. కడుపులో మంట తగ్గి పచ్చిమిరపకాయ కొరుక్కుని గంజన్నం తింది. అరవై మందిలో యాభై నాలుగు మంది ఒంట్లో బాగుందన్నారు. అబద్ధమేమీ కాదు, నిజంగానే బాగుంది.

ఆ తర్వాత చక్రధరం బల్లకు వచ్చే రొయ్యలు పెంచాడు. ఎవరూ ఏమీ అనలేదు. బయటికి వెళ్ళడం ఒకసారికి తగ్గించాడు. ఎవరూ ఏమీ అనలేదు. టీ పది నిమిషాలు ఐదయింది. అక్క గ్లాసులో టీ సగం వదిలేసి బల్ల దగ్గరికి వెళ్ళిపోయిందట.

నేను నివేదికలో ఏం రాశానో తెలుసా? 'పని వాతావరణంపై ఫిర్యాదులు: సున్నా.' రాసి, కింద గీత గీశాను. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తుంది.

ఒక ఆదివారం ఊరెళ్ళాను. వీధి కుళాయి దగ్గర అక్క బిందె వెనకున్న తన బిందెను ఒకావిడ ముందుకు జరిపేసింది. మామూలుగా అయితే ఆ వీధి వీధంతా అరగంట తమాషా చూసేది. అక్క ఊరికే చూస్తూ నిలబడింది.

"ఏమీ అనవేంటక్కా?"

"పోనీలే. నీళ్ళెక్కడికి పోతాయి?" అంది.

నాకు ఎక్కడో చురుక్కుమంది. అయినా, ఈ వయసులో నా అక్క కాస్త సుఖంగా ఉంటే నాకేం నొప్పి అని సర్దుకున్నాను.

*

కార్తీకమాసం రెండో సోమవారం మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"నూకరత్నం సచ్చిపోయింది కుమారీ," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. "పొద్దున పనిలో పడిపోయింది. ఆటోలో ఎక్కించాం, దారిలో పోయింది. నువ్వు బోయనం సేశావా?"

ఆ చివరి మాట విని ఉన్నపళంగా బస్సెక్కాను.

నూకరత్నానికి ఆదివారం నుంచీ జ్వరం. సోమవారం ఉపవాసం. పదకొండింటికి బల్ల దగ్గర వాంతి చేసుకుని తడి గచ్చు మీద పడిపోయిందట. "ఒంట్లో బాగోనప్పుడు ఉపాసాలెందుకండి ఈ ఆడాళ్ళకి? పోయిన సోమవారం కూడా ఏడుగురు కళ్ళు తిరిగి పడ్డారు," అన్నాడు చక్రధరం నాతో, తప్పంతా కార్తీకమాసానిదే అన్నట్టు.

శవం ఇంటి ముందు ఉంది. షెడ్డు ఆడవాళ్ళందరూ వచ్చారు. గోడ వారగా వరసగా కూర్చున్నారు. ఒక్కరి కంటా చుక్క నీరు లేదు. అక్క శవం పక్కన కూర్చుని, మొహం మీద వాలుతున్న ఈగల్ని విసురుతోంది. ఎంతో శ్రద్ధగా విసురుతోంది, పిండివంటల మీద విసిరినట్టు. నూకరత్నం తల్లి, డెబ్భై దాటిన ముసలామె, ఏడ్చి ఏడ్చి ఆగి, ఆ వరసను ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది.

"మనుసులేనా మీరు? పంతొమ్మిదేళ్ళు ఒక్క బల్ల కాడ బతికింది కదే నా కూతురు! ఒక్కత్తి ఏడవదేటే? రామతులసీ, నువ్వు కూడానా?"

అక్క ఆమె వైపు తిరిగి, "ఏడుత్తాను పిన్నీ," అంది. ప్రయత్నించింది. మొహం కదిలింది, నోరు వంకర తిరిగింది. రాలేదు. మళ్ళీ ఈగల్ని విసరడం మొదలుపెట్టింది.

నూకరత్నం జబ్బ మీద పట్టీ లేదని అప్పుడు చూశాను. అతికించిన చోట గుండ్రటి తెల్ల మచ్చ ఒకటే ఉంది.

"పట్టీ ఏదక్కా?"

"ఆదోరం తలంటు పోసుకున్నప్పుడే తీసేసింది. అందరం తీసేత్తాం, సోమారం నచ్చత్రాలు సూసి బోయనం సేశాక మళ్ళీ పెట్టుకుంటాం. ఉపాసం రోజున నీసు ఒంటి మీద ఉంచుకుంటామా?"

"నీచేంటి?"

"నువ్వే సెప్పావు కదే. గొడ్డులో ఉంటాది, పందిలో ఉంటాదని."

"రోజంతా రొయ్యలు ఒలుస్తారు కదక్కా! అది నీచు కాదా?"

"అది సేతి పని. కడుక్కుంటే పోద్ది. ఇది ఒంట్లోకి పోయేది కదా," అంది అక్క. దాని లెక్కలో ఏ తప్పూ లేదు. నా మాటలోనే ఉంది తప్పంతా.

*

మర్నాడు పొద్దున్నే ల్యాబుకెళ్ళి లెక్కలు తెరిచాను. ప్రతి పట్టీ గంటకోసారి కొలతలు పంపుతుంది. రెండు సోమవారాలూ ఖాళీ. అరవై మందిలో నలభై ఒక్క మందికి తెల్లటి ఖాళీ. ఎందుకంటే, పట్టీ ఒంటి మీద లేని గంటల్ని లెక్కలోంచి తుడిచేయాలని ఒక నియమం ఉంది. లేకపోతే ఫలితాలు గజిబిజి అవుతాయి. ఆ నియమం రాసింది ఎవరనుకున్నారు? నేనే. ఏడుగురు పడిపోయిన రోజును నా నియమమే చీపురు పట్టి ఊడ్చేసింది.

లెక్కలు కాదు, నెత్తురు కావాలి. పోయిన వారం పరీక్షకని తీసి ఫ్రిజ్‌లో దాచిన రక్తం సీసాలుంటే, మెదడు పెట్టే కబురు ఎంత ఉందో కొలిచాను. ఎవరిలోనూ లేదు. కోపాన్నీ ఏడుపునూ లేపేది కూడా ఆ కబురే. ఏడాదిగా పైనుంచి కబురు రాక, అడగకుండానే హార్మోను పట్టీలోంచి వచ్చిపడుతుంటే, ఆ గ్రంథులు పని మానేసి ఎండిపోయాయి. వాడకుండా వదిలేసిన బోరింగు తుప్పు పట్టినట్టే. పట్టీ ఉన్నంతసేపూ మనిషి బాగానే కనిపిస్తుంది. పట్టీ తీసి, పైన జ్వరమో, ఉపవాసమో, దెబ్బో తగిలితే ఒంట్లో నిలబెట్టేది ఏదీ లేదు. రక్తపోటు పడిపోతుంది, చక్కెర పడిపోతుంది, మనిషి పడిపోతుంది. అప్పుడు హైడ్రోకార్టిసోన్ ఇంజక్షను ఒక్కటి పొడిస్తే లేచి కూర్చుంటుంది. ఏ ఆస్పత్రిలోనైనా దొరికే పాత మందు. షెడ్డులో అది ఒక్కటుంటే నూకరత్నం ఆ సాయంత్రం నక్షత్రాలు చూసి అన్నం తినేది.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమా? వైద్యం మూడో ఏడు చదివే పిల్లలు పరీక్షలో రాస్తారు. మాకు తెలుసు. మనుషులు పట్టీ తీస్తారని మాత్రం మేం అనుకోలేదు. ల్యాబులో ఎవరూ తీయలేదు కదా మరి! ల్యాబులో కార్తీకమాసం ఉండదు కదా!

వల్లభరావు గారు ఢిల్లీలో ఉన్నారు. ఫోను చేస్తే, "వచ్చాక కూర్చుని మాట్లాడదాం అమ్మా, కంగారు పడకు," అన్నారు. అక్కకు ఫోను చేసి, చచ్చినా ఎవరూ పట్టీ తీయొద్దని, అందులో నీచు లేదని, అది పూర్తిగా గాజు సీసాల్లో తయారయిందని ఒట్టేసి చెప్పాను. "సరే," అంది. అందరికీ చెప్పింది కూడా. మూడో సోమవారం ఒక్కరూ తీయలేదు. నేను నాలుగు ఇంజక్షన్లు కొని, చేతిసంచిలో వేసుకుని తిరిగాను.

*

పదకొండో రోజున నూకరత్నం ఇంటికి భోజనాలకి వెళ్ళాను. అక్క వంటల దగ్గర లేదు. పెరట్లో చూశాను. రాతిగోడకి చేరగిలబడి, చీరంతా వాంతితో, కళ్ళు సగం తెరిచి ఉంది. మొహం బూడిద రంగు. చెయ్యి పట్టుకుంటే ఐసులోంచి తీసిన చెయ్యిలాగే ఉంది. జబ్బ మీద పట్టీ లేదు.

ఎలా చేశానో నాకు గుర్తులేదు. చీర మీంచే తొడలోకి సూది పొడిచాను. సర్కారు ఆస్పత్రికి చేరేదాకా దాని చెంపల మీద కొడుతూనే ఉన్నాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బీపీ చూసి, చక్కెర చూసి, "ఉపవాసమా?" అంది.

"కాదండి! ఉపవాసం కాదు! ఇది మేం చేసింది," అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. నేను వివరంగా చెబితే ఆ అమ్మాయి ఇంకో మాట అడక్కుండా సెలైన్లో చక్కెర, రెండో ఇంజక్షను ఎక్కించింది.

రెండు గంటలకి అక్క కళ్ళు తెరిచింది.

"ఎందుకు తీశావే? చెప్పాను కదా! ఎన్నిసార్లు చెప్పాను?"

అక్క పైకప్పు కేసి చూసింది.

"ఏడుద్దామని," అంది. "ఇయ్యాల దాని కర్మ కదా. ఒక్కపాలి దానికోసం ఏడుద్దామని నిన్న రేతిరి తీశాను. అప్పుడైనా వత్తాదేమోనని. రాలేదే కుమారీ. ఒళ్ళు తూలింది గానీ ఏడుపు రాలేదు."

*

వల్లభరావు గారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాను. రక్తపరీక్షల కాగితాలు బల్ల మీద పడేశాను. ఆయన వాటిని చూడలేదు.

"తీయొద్దని చెప్పాం. తీశారు. అందులో మన తప్పేముందమ్మా?"

"తీస్తే ప్రాణం పోతుందని చెప్పామా సార్? పెట్టె మీద రాశామా?"

"అలా రాస్తే ఎవరు పెట్టుకుంటారు? వచ్చే నెల పన్నెండు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలకు ఇస్తున్నాం. నువ్వు కూడా కష్టపడిందేగా."

"మీరెందుకు పెట్టుకోరు సార్? ఇంత మంచిదైతే?"

ఆయన నవ్వారు. "నాకు కాస్త టెన్షన్ ఉంటేనే బుర్ర పనిచేస్తుందమ్మా."

ఆ క్షణంలో బల్ల మీదున్న గాజు పేపర్‌వెయిట్ తీసి ఆయన మొహాన కొట్టకుండా నన్ను ఆపింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు కావాలట టెన్షను! భయం, కోపం, చురుకు ఆయనకు కావాలి. ఐసులో నానేవాళ్ళకి మాత్రం అక్కర్లేదు.

"డ్రగ్ కంట్రోల్ వాళ్ళకి రాస్తున్నాను," అన్నాను.

"రాయి," అన్నారు ఆయన, ఏమాత్రం గొంతు పెంచకుండా. "ప్రమాదం అంటున్నావుగా. అయితే నా బాధ్యతగా రేపు పొద్దున షిఫ్టులోనే పట్టీలన్నీ ఊడదీయిస్తాను. ప్రయోగం ఆపేశామని రాసేస్తాను. చట్టప్రకారం అదే సరైన పని."

యాభై తొమ్మిది మంది. ఒక్కసారిగా తీస్తే వారం తిరక్కుండా సగం మంది పడిపోతారు. వాళ్ళని విడిపించాలంటే పట్టీ తీయకూడదు. తగ్గించుకుంటూ, ఇంకా తగ్గించుకుంటూ, ఆ ఎండిన గ్రంథులు మళ్ళీ పని నేర్చుకునేదాకా నెలల తరబడి లాక్కురావాలి. అలా తగ్గించే పట్టీలు మా ల్యాబు తప్ప ఎవరూ చేయలేరు. బయట మాత్రలు దొరుకుతాయి. కానీ రేపు పొద్దుటికి ఇంతమందికి ఎవరికెంతో చూసి ఇచ్చే డాక్టరు ఎక్కడ దొరుకుతాడు?

వంచనలో ఆయన నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. విషం పెట్టినవాడే విరుగుడు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

"వద్దు సార్. తీయించొద్దు," అన్నాను. బతిమాలాను. అక్కను చంపబోయిన పట్టీని అక్క ఒంటి మీద ఉంచండి బాబూ అని చేతులు జోడించాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏడాది పాటు తగ్గించే పట్టీలు, ఆ పైన మాత్రలు, నెలనెలా రక్తపరీక్షలు, షెడ్డులో ఇంజక్షను తెలిసిన ఒక నర్సు. అన్నీ ఇస్తారట. నేను దగ్గరుండి చూసుకోవచ్చట. దానికి బదులు తుది నివేదిక మీద నా సంతకం కావాలి. అందులో ఒక వాక్యం ఉంది: 'భాగస్వామి సంఖ్య 23 జ్వరంలో ఉపవాసం వలన కలిగిన నీరసంతో మరణించారు. పట్టీకి సంబంధం లేదు.'

సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని మీరు అడగొచ్చు. అడగండి. నన్ను నేను రోజూ అడుగుతూనే ఉన్నాను.

*

ఆ ఏడాదంతా నేను నెలకు రెండుసార్లు ఊరెళ్ళాను. రక్తం తీసి, కొలిచి, పట్టీ బలం తగ్గించి, మళ్ళీ తీసి. కొందరికి త్వరగా వచ్చింది. కొందరికి మొండికేసింది. జ్వరం వస్తే మోతాదు పెంచాలని, పట్టీ తీయకూడదని ఇంటింటికీ తిరిగి చెప్పాను. మొగుళ్ళకీ చెప్పాను, అత్తలకీ చెప్పాను. మధ్యలో పన్నెండు రాష్ట్రాలకు పట్టీలు వెళ్ళాయి. పెట్టె మీద చీమ కంటికి కూడా ఆనని అక్షరాల్లో 'వైద్యుని సలహా లేకుండా తీయరాదు' అని ఉంది. అది చూసి నేను సంతోషించాలట!

అక్క పట్టీ మానేసి మాత్రలకి వచ్చింది. మాత్రలు సగమయ్యాయి, పావయ్యాయి, ఆగిపోయాయి. జనవరిలో పొద్దుటిపూట రక్తం తీసి చూస్తే, బయటినుంచి ఏమీ ఇవ్వకుండానే, దాని సొంత కార్టిసాల్ మామూలు మనిషికి ఉన్నంత ఉంది. ఆ కాగితం పట్టుకుని బస్టాండు నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఒక కవరు. ప్రయోగంలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఫలితాల సారాంశం తెలుగులో పంపాలని నియమం. దాంతోపాటు బంగారు రంగు అంచుతో ఒక ధన్యవాద పత్రం. అన్నిటి కిందా నా సంతకం.

"ఇరవైమూడు ఎవరే?" అంది.

నా చేతిలోని కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"ఎవరే ఇరవైమూడు? నోరు పడిపోయిందా?" అక్క గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. పక్కింటి వాళ్ళు బయటికొచ్చారు. "నా ఎదురుగా నిలబడి పంతొమ్మిదేళ్ళు ఒలిసిన మనిసి నీకు ఇరవైమూడా? ఉపాసం సంపేసిందా దాన్ని? దాని ఉపాసం దాన్ని ముప్పై ఏళ్ళు సంపలేదే, నీ పట్టీ వచ్చిన ఏడే సంపేసిందా?"

"అక్కా, సంతకం పెట్టకపోతే నువ్వు... మీరందరూ..."

"నన్నడిగావా? నా పేణానికి దాని సావును అమ్మమని నేను సెప్పానా? దాన్ని రెండోసారి సంపావు కదే!"

చెంప మీద కొట్టింది. పంతొమ్మిదేళ్ళు ఐసులో గట్టిపడిన చెయ్యి. నా చెవిలో గుయ్యిమంది. కొట్టి, అక్కడే గుమ్మంలో కూలబడి, నూకరత్నం పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. పదిహేను నెలల ఏడుపు. నేను దగ్గరికి వెళితే తోసేసింది. ఓదార్చే హక్కు నాకు లేదు. పక్కన నిలబడ్డాను.

ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని అడిగింది. "అందరూ ఎప్పటికి మానేత్తారు?"

"ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. ఏప్రిల్ అవుతుంది."

"అప్పటిదాకా నోరు మూసుకుంటాను. వోళ్ళు బతకాలి. ఆ తరవాత నువ్వు రాయాలి. దాని పేరెట్టి రాయాలి. రాసి, కింద నీ పేరు రాయి, దొంగసంతకం ఎట్టినట్టు కాదు."

"ఉద్యోగం పోతుందక్కా. జైల్లో పెట్టినా పెడతారు."

"పెట్టనీ," అంది. అన్నం తిన్నావా అని అడగలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నిన్న, ఏప్రిల్ పదహారున, ఆఖరి మనిషి ఆఖరి మాత్ర మానేసింది. ఈ పొద్దున రక్తం చూశాను. బాగుంది. ఆయన గుప్పిట్లో ఇక మావాళ్ళెవరూ లేరు. పన్నెండు రాష్ట్రాల్లో ఇంకా ఎందరో ఉన్నారు, వాళ్ళెవరూ ఈ కాగితం చదవగానే పట్టీ ఊడబెరుక్కోకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి, మెల్లగా తగ్గించుకోవాలి. జ్వరమొస్తే చెప్పాలి. అది ముందు రాస్తున్నాను.

రెండోది. పిక్కి నూకరత్నం, వయసు నలభై మూడు, రొయ్యలు ఒలిచే పని. ఆమె ఉపవాసం వల్ల చనిపోలేదు. మా పట్టీ వల్ల చనిపోయింది. అది మాకు తెలుసు. తెలిసే నేను అబద్ధం మీద సంతకం పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.

మేరుగు సూర్యకుమారి.